దోషం చెప్పేవాడికి దక్షిణ

మా సీమలో పాత ఇల్లు కొనేవారు ఇద్దరిని తప్పక పిలుస్తారు. ఒకరు వాస్తు చూసేవారు, మరొకరు ధర మాట్లాడే మధ్యవర్తి. ఈశాన్యం పెరిగిందా తగ్గిందా అని మొదటివారు, సెంటు ఎంత పలుకుతుందో రెండవవారు చెబుతారు. ఇద్దరికీ దక్షిణ ముడుతుంది. గోడలోకి తేమ ఎంత ఎత్తు ఎక్కింది, దూలం చివర పుచ్చిందా, మిద్దె మీద పడ్డ నీరు ఎటు పోతుంది అని చూడడానికి మూడవ మనిషిని పిలిచిన గృహస్థు, ఉద్యోగరీత్యా కర్నూలు, కడప జిల్లాలలో నేను కాపురమున్న ఊళ్ళలో ఒక్కరూ నాకు తారసపడలేదు. పిలవరాదా అంటే, "డబ్బులిచ్చి మరీ ఇంటికి వంకలు పెట్టించుకుంటామా అయివారూ?" అని నవ్వేవారు.

దోషం పలకడం అశుభమనే ఈ భావన మన పెద్దలకు ఉన్నట్లు నాకు తోచదు. కావ్యమంటే ఏమిటో చెప్పబోయిన మమ్మటుడు గుణాలకంటె ముందు దోషాలు లేకపోవడాన్నే పేర్కొన్నాడు. కావ్యం మాట అటుంచి కట్టడం దగ్గరికే వద్దాం. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టించిన సందర్భంలో వేయించినది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని. జలదాన పుణ్యాన్ని, ప్రభువు కీర్తిని వర్ణించిన ఆ శాసనమే మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా వరుసగా చెబుతుంది. పాథశ్శాస్త్రం, అంటే నీటి శాస్త్రం, తెలిసినవాడు ఉండడం ఆ పన్నెండింటిలో ఒకటి. కట్ట నుండి నీరు ఊరడం, చౌటినేల కావడం, చెరువు నడుమ మిట్ట ఉండడం ఆరు దోషాలలోనివి. పుణ్యం చెప్పిన రాతి మీదనే దోషాలనూ చెక్కించినవారి వారసులం మనం. ఇంటి దోషం వినడానికి మాత్రం జంకుతున్నాం.

ఆ చౌటినేల మాటను కొంచెం సాగదీయాలి. చెరువుకు దోషమైన చౌడే మా మిద్దెలకు రక్ష. మా ప్రాంతపు మిద్దె తెలియనివారికోసం రెండు మాటలు. మట్టి అడుసుతో పేర్చిన మందపు రాతిగోడలు. వాటిమీద దూలాలు, దూలాలమీద దంతెలు, వాటిపైన బండలో కట్టెలో పరచి, మట్టి మెత్తి, అన్నిటికంటె పైన చౌడు పోస్తారు. చౌటిమన్ను తడవగానే మెత్తబడి, తన సందులను తానే పూడ్చుకొని, నీటిని కిందికి దిగనివ్వదు. గాలికి, వానకు ఆ పొర పలచబడుతుంది గనుక తొలకరికి ముందు బండ్లమీద చౌడు తోలించి మళ్ళీ పరిచేవారు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే సీమకు సరిగ్గా సరిపోయిన కప్పు అది. అయితే వాన తక్కువైన చోట వానను మరచిపోవడం సులభం. నాలుగేళ్ళు కరువు వస్తే తూము పూడిపోయిన సంగతి ఎవరికీ గుర్తుండదు. ఐదవ యేట తుపాను గుర్తు చేస్తుంది.

జమ్మలమడుగు దగ్గరి మా ఊళ్ళో మా తాతగారు కట్టించిన మిద్దె ఇటువంటిదే. తమ్ముడు సేద్యం చేసుకుంటూ అందులోనే ఉంటున్నాడు. వాడి కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. "పెదనాయనా, అంతా కొట్టేసి స్లాబు వేద్దాం, నువ్వొక మాట చెప్పు" అని వాడు. "మన నాయన పుట్టిన ఇల్లన్నా, గునపం వేయనీయను" అని తమ్ముడు. ఇద్దరి మధ్యా నోరు విప్పని మా మరదలు ఒకనాడు నాతో, "బావా, మీరు మీరు ఏమన్నా అనుకోండి. వానొస్తే నాకు నిద్ర పట్టదు. పండుకొని దూలం వంకే చూస్తా ఉంటాను" అంది. తాతగారి జ్ఞాపకం, కొత్త ఇంటి కోరిక, ఆ రెండింటికీ ఈ భయంతో పని లేదు. ఈ భయానికి జవాబు చెప్పగలవాడు వేరే ఉన్నాడనిపించింది.

నా దగ్గర తొమ్మిదో తరగతి చదివి, కట్టడాల ఇంజనీరై, ఇప్పుడు స్వతంత్రంగా పని చేసుకుంటున్న శిష్యుణ్ణి పిలిపించాను. గురుదక్షిణ అంటూ రుసుము వద్దన్నాడు. తీసుకుంటేనే చూడమన్నాను. ఊరికే చెప్పిన మాటకు మొగమాటం తోడవుతుంది. రుసుము పుచ్చుకొన్న మాట నిర్మొగమాటంగా ఉంటుంది.

అతడు ఒక పగలంతా చూశాడు. ముందు చూసింది ఇంటిలోపల కాదు, మిద్దె మీద. నీరు దిగే తూము ఎక్కడ, దానివైపు వాలు ఉందా, పిట్టగోడలో రావిమొక్క మొలిచిందా అని. గోడకు గుండుదారం వేలాడదీసి ఎక్కడ పొట్ట వచ్చిందో కొలిచాడు. దూలాలను సుత్తితో తట్టి ధ్వని విన్నాడు. గోడలో దూరిన కొసలను మొనదేలిన ఇనుపకడ్డీతో పొడిచి చూశాడు. నడుమ గట్టిగా ఉన్న దూలం కూడా గోడలోని తేమకు కొస దగ్గర పుచ్చుతుందట. పగుళ్ళ మీద అడ్డంగా సన్నని గాజుపలకలు అతికించి, పక్కన తేదీ వేశాడు. "పగులు పాతదైతే గాజు అట్లే ఉంటుంది సార్. కదులుతా ఉంటే గాజు విరుగుతుంది" అన్నాడు.

నివేదిక ఇంగ్లీషులో వచ్చింది. తమ్ముడికి, మరదలికి అర్థం కావాలని దాన్ని తెలుగులో తిరగరాశాను. ఆ పని నాకు కొత్త సంతోషాన్నిచ్చింది. మన బేల్దార్ల నోట నెర్రె వేరు, బీట వేరు, పగులు వేరు. గోడకు పొట్ట రావడం వేరు, గోడ వాలడం వేరు. మిద్దె ఉరవడం ఒకటి, కారడం మరొకటి. పదాలకు వెతుక్కోవలసిన పని పెద్దగా పడలేదు.

సారాంశం ఇది. ముందరి పడసాల, నడిమిల్లు గట్టివే. కానీ పాత పొర తీయకుండా ఏటేటా కొత్త చౌడు పోయడం వల్ల మన్ను అడుగు మందానికి పెరిగింది. 120 చదరపుటడుగుల గది మీద అడుగు మందాన తడిమన్ను ఉంటే ఆరు టన్నుల బరువు. సగం దించాలి. వెలుపలి గోడకు అడుగున పూసిన సిమెంటు లోపలి తేమను బయటికి పోనివ్వక పైకి ఎక్కిస్తున్నది. దాన్ని చెక్కి సున్నపు గార పూయాలి. వెనుకటి వంటింటి దూలం రెండు కొసలా పుచ్చింది. అందులో ఆ రాత్రి నుండే ఎవరూ ఉండరాదు.

ఆ సాయంత్రమే పొయ్యి ముందరికి మారింది. నెలలోపల వంటిల్లు దించారు. దించుతున్నప్పుడు దూలపు కొస చేతిలో పొడిపొడిగా రాలింది. తమ్ముడు ఏమీ అనలేదు. కొట్టేయాలన్న కుర్రవాడికి ఒక గది కూలింది, నిలపాలన్న తండ్రికి రెండు గదులు నిలిచాయి. ఆ వానాకాలం గడిచాక మూడు గాజుపలకలలో రెండు అలాగే ఉన్నాయి. ఆగ్నేయమూలది విరిగింది. వాస్తు అంటారేమోనని మరదలు భయపడింది. తవ్విస్తే, పక్కనున్న జాలారి నీరు పునాదిలోకి ఇంకుతున్నదని తేలింది. ఆ కాలువను బాగు చేయించడంతో దోషపరిహారం అయింది.

మట్టి మిద్దెలకే ఈ పరీక్ష అని అనుకోరాదు. మా ప్రాంతాలలో నల్లరేగడి ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకొని నెర్రెలు విచ్చుతుంది. దానిమీది కొత్త ఇంటి గోడలు కూడా కిటికీ మూలల నుండి మెట్లుమెట్లుగా పగులుతాయి. పగులు పూడ్చి రంగు వేస్తే మరుసటి వేసవికి మళ్ళీ కనిపిస్తుంది. ఇటువంటి నేలలకోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు అడుగున ఎర్రగడ్డలా ఉబ్బిన కాంక్రీటు స్తంభాల పునాదిని రూపొందించారు. నేల ఉబ్బడం, ముడుచుకోవడం లేనంత లోతుకు వాటిని దించుతారు. కట్టేముందు మన్ను పరీక్ష చేయిస్తే ఇది ముందే తెలుస్తుంది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వరద తీసిన ఇల్లు కడిగి, వెంటనే కాపురం పెట్టదగినది కాదు. నానిన అడుసు బలం కోల్పోతుంది. బయట నీరు తగ్గినా గోడలోపల నీరు నిలిచే ఉంటుంది. నిలిచిన గోడ నిలిచిందనుకోవడానికి కొంత కాలం, ఒక తెలిసిన కన్ను కావాలి.

ఎవరినీ పిలవకుండా మనమే చేసుకోదగినవి కొన్ని ఉన్నాయి. చిత్తి, స్వాతి వానల తరువాత ఒకసారి, తొలకరికి ముందు ఒకసారి మిద్దె ఎక్కి తూములు చూడండి. పిట్టగోడలోని రావి, మర్రి మొలకలను వేరుతో తీయండి. పగులు పక్కన పెన్సిలుతో తేదీ వేయండి. కడప బండ, బేతంచెర్ల బండ సున్నపురాళ్ళు. ఆసిడ్ పోసి కడిగితే తినుకుపోయి నునుపు చెడుతుంది, మామూలు సబ్బునీరు చాలు. ఇంతకు మించి అనుమానం కలిగితే మాత్రం చదువుకున్నవాణ్ణి పిలిచి, రుసుమిచ్చి, రాతపూర్వకంగా చెప్పించుకోండి.

పాత శాసనాలలో ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణ అనే మాట తరచుగా వస్తుంది. గుడి విరిగినచోట, పగిలినచోట బాగు చేయించడానికి దాతలు భూములు విడిచిపెట్టేవారు. గుడి కట్టేనాడే అది పగులుతుందని వారు ఒప్పుకున్నారన్న మాట. మన ఇళ్ళకూ ఆ ఒప్పుకోలు అవసరం. గృహప్రవేశానికి పెట్టే ఖర్చులో ఒక పాలు ఏటేటా ఇల్లు చూడడానికి విడిచిపెట్టగలిగితే, మా మరదలి వంటివారు చాలామంది వానరాత్రులలో కన్ను మూసుకోగలరు.

మీ ప్రాంతాలలో మిద్దెకు, పెంకుటింటికి, గోడ పగుళ్ళకు వాడే మాటలేమైనా ఉంటే తెలుపగోరుతాను. కృష్ణా, గోదావరి మండలాల మిత్రుల దగ్గర నాకు తెలియనివి చాలానే ఉంటాయి.