తూము, అవును

పోయిన వానాకాలం బాపు బీర్కూర్ నుంచి ఫోన్ చేశాడు. "బిడ్డా, నా పాస్‌బుక్కు తెరిస్తే పక్కింటాయన ఫోటో అస్తుంది. గిదేంది?" అన్నాడు.

ఊళ్ళో రైతులు పట్టా పాస్‌బుక్కు, ఆధార్ ఒక్కచోట దాచుకోవడానికి నేనే ఒక చిన్న వెబ్‌సైటు రాసిచ్చాను. కాబట్టి తిట్టడానికి ఇంకెవరూ లేరు.

రాత్రి కూర్చుని పీహెచ్‌పీ కోడ్ తెరిచాను. మొదట్లో ఆ ఫంక్షన్‌కు మూడే ఆర్గ్యుమెంట్లు: ఫైలు, ఫోల్డరు, ఫోటో సైజు తగ్గించాలా. ఎవరో మసక ఫోటో ఎక్కించి, దాని స్థానంలో మంచిది పెట్టమన్నారు. అప్పుడు "అదే పేరుతో ఉంటే పాతది తీసేయాలా" అనే ఇంకో ట్రూ/ఫాల్స్‌ను మూడో స్థానంలో దూర్చాను. పిలిచే చోట్లన్నీ సరిచేశాననుకున్నాను. ఒకటి మిగిలింది. అక్కడ "సైజు తగ్గించు" అని రాసిన ట్రూ, "పాతది తీసేయి" అయిపోయింది. రెండూ ట్రూలే కదా, కంప్యూటర్ ఎందుకు ఆపుతుంది? పైగా ఒకే దుకాణంలో స్కాన్ చేయించుకునేసరికి చాలామంది ఫైళ్ళ పేరు "స్కాన్1" అనే ఉంది.

నిజాంసాగర్ కాలువ నీళ్ళు వదిలినప్పుడు బాపు "తూము తీయి", "తూము మూయి" అంటాడు. "తూము, అవును" అని ఎవరైనా అంటారా? నేను కోడ్‌లో అచ్చం అదే రాశాను.

2020 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.0 నుంచి ఆర్గ్యుమెంట్లను పేరు పెట్టి పంపొచ్చు. ముందు అలాగే మార్చాను. ఏది ఏమిటో కనబడటం మొదలయ్యాక, సగం అక్కర్లేదని తెలిసింది. ఫోటో పెద్దదో చిన్నదో ఫైలే చెబుతుంది. బ్రౌజర్ పంపే పేరును నమ్మకూడదు, సర్వరే కొత్త పేరు పెట్టుకోవాలి. పాతదాన్ని మార్చడం వేరే పని, దానికి వేరే ఫంక్షన్.

చివరికి రెండే మిగిలాయి: ఫైలు, రైతు. ఎన్ని ట్రూలు, ఫాల్సులు అడిగినా, ఇది ఎవరి కాగితం అని ఆ ఫంక్షన్ అంతకుముందు ఒక్కసారీ అడగలేదు.

పోయిన ఫోటోలు మళ్ళీ రావు. ఆ ఆదివారం ఊరికెళ్ళి, ఇల్లిల్లూ తిరిగి పాస్‌బుక్కులు నేనే ఫోటోలు తీశాను.