జ్ఞా తెచ్చిన నవ్వు

సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఒక అలవాటుంది. లోకంలో ఎక్కడ ఏ కంప్యూటరు కూలినా ముందు నవ్వుతారు, తరవాత కారణం వెతుకుతారు. బయటివాళ్ళకిది దయలేని పనిగా కనిపించవచ్చు. నిజానికి ఆ నవ్వులో సగం భయమే. ఇవాళ వాళ్ళకు జరిగింది రేపు మనకు జరగదన్న ధీమా ఆ వృత్తిలో ఎవరికీ లేదు.

2016 మార్చిలో ఒక ప్రోగ్రామరు అలిగి, తాను అందరికీ ఉచితంగా ఇచ్చిన 11 వరసల ప్రోగ్రామును వెనక్కు తీసేసుకున్నాడు. ఒక మాటకు ఎడమ పక్కన ఖాళీలో సున్నాలో చేర్చడం తప్ప అది చేసే పనేమీ లేదు. కానీ దాని మీద ఆధారపడిన వేలకొద్దీ ప్రాజెక్టుల్లో ఆ రోజు పని ఆగిపోయింది. “ఖాళీలు కూడా అప్పు తెచ్చుకుంటున్నామన్నమాట!” అని మా ఆఫీసులో ఒకటే నవ్వులు. నవ్వుతూనే ఎవరి ప్రాజెక్టు వాళ్ళు తెరిచి, ఆ 11 వరసలు తమ దాంట్లో ఉన్నాయేమోనని చూసుకున్నారు.

అలాంటి నవ్వుల్లో నేనూ చాలా ఏళ్ళుగా భాగస్థుణ్ణే. ఒక్కసారి మాత్రం ఆ నవ్వు మన గుమ్మం దాకా వచ్చింది.

2018 ఫిబ్రవరి నడిమధ్యలో ఒక వార్త పొక్కింది. ఒకే ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూలుస్తోందని! ఆ అక్షరం ‘జ్ఞా’. దాన్ని ఎవరైనా సందేశంలో పంపితే చాలు, చూపించబోయిన యాప్ మూతపడుతోంది. ఒక్కోసారి ఫోను పదేపదే ఆగి మళ్ళీ మొదలవుతోంది. కొంటెవాళ్ళు ఊరుకుంటారా? ట్విటర్లో తమ పేర్ల పక్కన ఆ అక్షరం తగిలించుకున్నారు. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ లోపాన్ని సరిదిద్దింది.

ఆ నాలుగు రోజులూ బెంగుళూరులో మా ఆఫీసు టీ బల్ల దగ్గర నాకు తీరిక లేదు. జట్టులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. “మీ జ్ఞానం బరువెక్కువ సార్, ఫోను మోయలేకపోయింది” అన్నాడు కన్నడ కుర్రాడు. “ఈ ప్రమాదం తెలిసే మా పెద్దలు అక్షరం కింద అక్షరం పెట్టకుండా పైన చుక్క పెట్టి ఊరుకున్నారు” అన్నాడు తమిళ మిత్రుడు. మాట నిజమే. తమిళంలో మనకున్నట్టు ఒత్తులు లేవు. అసలు దాన్ని ఎలా పలకాలన్న వాదం కూడా వచ్చింది. తమిళుడు ‘ఞానం’ అన్నాడు, మరాఠీ ఆమె ‘ద్న్యాన్’ అంది, హిందీ ఆయన ‘గ్యాన్’ అన్నాడు. “ఫోను కూలక ఏం చేస్తుంది?” అని అందరం నవ్వుకున్నాం. పలకడం మాట తేలక ముందే టీ చల్లారిపోయింది.

ఆ నెలలోనే మనీష్ గోరేగావ్కర్ అనే ప్రోగ్రామరు ఈ లోపాన్ని విప్పి చూసి, తెలిసింది వివరంగా రాశారు. నేరం జ్ఞా మీద మోపడం పొరపాటని దాంతో తేటతెల్లమైంది. కంప్యూటరు మన అక్షరాన్ని ఒక ముక్కగా దాచుకోదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం అని నాలుగు గుర్తులుగా దాచుకుని, తెరమీద చూపేటప్పుడు పేర్చి బొమ్మ కడుతుంది. కూల్చిన వరసలో ఞకూ దీర్ఘానికీ మధ్య ఐదో గుర్తు ఒకటి దూరి ఉంది. దాని పేరు ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’. కంటికి కనిపించదు, చోటు ఆక్రమించదు. పక్క అక్షరాలు అతుక్కోకుండా చూడడమే దాని పని. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు మనకు అది కావాలి. అది లేకపోతే ‘వే’ కాస్తా ఒత్తయి కిందికి దిగిపోతుంది. కానీ ఞకూ దీర్ఘానికీ నడుమ దానికి ఏ పనీ లేదు. మామూలుగా తెలుగు టైపు చేసేవాళ్ళు దాన్ని అక్కడ పెట్టరు. మనం రోజూ రాసుకునే జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం ఏ ఫోనుకూ హాని చేయలేదు. పైగా అదే లోపం దేవనాగరి, బెంగాలీ లిపుల్లోని కొన్ని అక్షరాల కూర్పులకూ ఉందని తేలింది. అంతవరకూ నన్ను చూసి నవ్విన బెంగాలీ మిత్రుడు మరునాడు టీ ఖర్చు తానే పెట్టుకున్నాడు.

తమాషా అక్కడితో సరి. కానీ నాకు ఒక మాట మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. యూనికోడ్ మొదటి కూర్పులోనే, అంటే 1991లోనే, తెలుగుకు చోటు దొరికింది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల 11 లక్షలు. ఇంత కాలం గడిచినా, ఇంతమంది ఉన్నా, తెలుగు పేరు వినని ఎందరో విదేశీ ప్రోగ్రామర్లు ఆ పేరు మొదటిసారి విన్నది ఒక లోపం పేరుగా. మనొక్కళ్ళమే కాదు. 2015 మేలో అరబీ అక్షరాలున్న ఒక సందేశం ఐఫోన్లను ఇలాగే కూల్చింది. 2020 ఏప్రిల్‌లో ఆ వంతు సింధీకి వచ్చింది. లిపి మారినా కథ ఒకటే. ఏ లిపిని అరుదుగా పరీక్షిస్తారో లోపం అందులో దాక్కుంటుంది. పేరు మాత్రం పరీక్షించనివాళ్ళకు రాదు, ఆ లిపికి వస్తుంది.

ఇది మనకు కొత్త సంగతి కాదు. సొంత రాష్ట్రం కాని చోట తరాలుగా ఉంటున్నవాళ్ళం. మన భాష ఉందని ఎవరికైనా గుర్తొచ్చేది ఎక్కడో ఏదో అడ్డం పడ్డప్పుడే. రేషను కార్డులో పేరు తప్పు పడితే గుర్తొస్తుంది, బడిలో తెలుగు టీచరు పోస్టు ఖాళీ అయితే గుర్తొస్తుంది. అయితే ఆ వార్త వల్ల మా ఇంట్లో ఒక మేలు జరిగింది. మా అమ్మాయి చదివేది కన్నడం, తెలుగు మాట్లాడుతుందే కాని రాయదు. “నాన్నా, ఆ ఫోన్లు పగలగొట్టే అక్షరం ఎలా రాయాలి?” అని అడిగింది. కాగితం మీద రాసి చూపిస్తే, “ఇది మా కన్నడం జ్ఞాలాగే ఉందే!” అని ఆశ్చర్యపోయింది. నాలుగేళ్ళుగా నేను బతిమాలితే రాని కుతూహలం ఒక లోపం వల్ల వచ్చింది.

ఆఫీసులో నేను చేసిన పని ఒకటే. మా దగ్గర తయారయ్యే ప్రతి కొత్త తెర మీదా మూడు మాటలు టైపు చేసి చూస్తాను: జ్ఞాపకం, రాష్ట్రం, స్వాతంత్ర్యం. మొదటి వారమే ఒకచోట రాష్ట్రం కింది ఒత్తులు సగానికి తెగి కనిపించాయి. వరసకు వరసకు మధ్య దూరం ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు సరిపోయేలా పెట్టారు, మన ఒత్తులు దిగడానికి చోటు లేదు. “రాష్ట్రానికి కాళ్ళు విరిగాయి” అని చెబితే అందరూ నవ్వారు, నవ్వి ఆ దూరం పెంచారు. ఇప్పుడు తమిళుడూ బెంగాలీ కూడా తమ తమ మాటలు ఆ జాబితాలో చేర్చారు.

ఛలోక్తులు వద్దని నేననను. నవ్వు లేకపోతే ఆ వృత్తిలో బతకడం కష్టం. నవ్వించిన అక్షరాన్ని మళ్ళీ ఒకసారి పరీక్షించి చూసే వేలు ఒకటి ఉండాలంటాను, అంతే. బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం ఇళ్ళ నుంచి కంప్యూటరు ఉద్యోగాలకు వెళ్ళిన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళతో ఫోనులో మాట్లాడేటప్పుడు, మీరు తయారుచేసే దాంట్లో ‘జ్ఞాపకం’ అని ఒకసారి టైపు చేసి చూడమని చెప్పండి. అర నిమిషం కూడా పట్టదు.