డప్పు కాగేదాకా

మా నాయన డప్పు కాచేప్పుడు ఎవరైనా తొందరపెడితే కసురుకునేవాడు. వరిగడ్డి మంట పెట్టి, తోలుని సెగకి అటూ ఇటూ తిప్పుతా, మధ్యలో వేలితో ఒక్క దెబ్బ కొట్టి చెవి ఒగ్గేవాడు. అవతల శవాన్ని లేపాల. పెద్దింటోళ్ల మనిషి వచ్చి "ఏందిరా ఇంకా" అని అరుస్తున్నా సరే, తోలు బిగిసిందాకా సిర్ర చేతికి తీసుకునేవాడు కాదు. ఊళ్లో ఆయన మాట చెల్లింది ఆ ఒక్క పావుగంటే.

ఆ పావుగంట విలువ నాకు చాలా ఏళ్ల తర్వాత ఒక ఇనప డబ్బా వల్ల తెలిసొచ్చింది. దాని పేరు ప్రీఆంప్. బాస్ గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్యలో పెట్టేది.

మాది ఒంగోలు వైపు మాదిగపల్లె. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మా చర్చిలో చెప్పుకోని సంవత్సరం లేదు. వాళ్లలో ఎక్కువమంది మావాళ్లే. అమ్మ చర్చికి పోయేది, నాయన చావులకి పోయేవాడు. డప్పుని మాత్రం చర్చి గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు, "అది పాత బతుకు" అనేవాళ్లు. గిటారుకి ఆ అడ్డం లేదు. నేను ఇంటరులో ఉండగా యూత్ వాళ్లు చందాలేసుకుని వాద్యాలు కొన్నారు. లీడ్ గిటారు కావాలన్నోళ్లు నలుగురు. బాస్ ఎవరూ అడగలా, నాకిచ్చారు. మొదటి ఆదివారం లావు తీగ మీటితే బల్లలు అదిరినయ్. నాయన డప్పు దొడ్డిదోవన చర్చిలోకొచ్చిందనిపించింది. ఈ మాట పాస్టరుగారితో అనలేదు లెండి.

తర్వాత డిగ్రీ, బీఎడ్, డిఎస్సీ. మా ఇంట్లో డిగ్రీ కాగితం పట్టుకున్న మొదటోణ్ణి నేనే. ఆ కథ ఈ పుస్తకంలో ప్రతివాళ్లకీ ఉంటుంది, నాది వేరే ఏమీ కాదు.

ఉద్యోగమొచ్చాక ఒక ఉపాధ్యాయుల సభలో పాటల బృందంలో వాయించాను. అద్దెకి తెచ్చిన చిన్న ఆంప్. నా చేతులు నొప్పులు పుట్టినయ్ గానీ ముందు వరసలో కూచున్న మా హెడ్మాస్టరుకి కూడా బాస్ వినపళ్లేదట. కిందికి దిగంగానే నిర్వాహకుల్లో ఒకాయన భుజం తట్టి, "బాగా వాయించారు మాస్టారూ, మీవాళ్లకి డప్పు రక్తంలోనే ఉంటది గదా" అన్నాడు. వినపడని వాయింపుని మెచ్చుకున్నాడు. ఆయనకి వినపడింది నా తీగ కాదు, నా పేట. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు గురించి ఇప్పటికీ సిగ్గుపడతాను.

అసలు బాస్ ఎందుకు వినపడలేదా అని పట్టుబట్టి తెలుసుకున్నాను. లావు తీగ సెకనుకి 41 సార్లు ఊగుతుంది. చిన్న స్పీకరు ఆ ధ్వనిని సరిగ్గా పలికించలేదు. మన చెవి దాన్ని పట్టుకునేది పైన ఉండే 82, 123 లాంటి రెట్టింపు ధ్వనుల్ని బట్టి. అందుకని 'బాస్' అని రాసున్న నాబ్ తిప్పేకొద్దీ స్పీకరు గుడ్డ కొట్టుకుంటుందే గానీ మాట స్పష్టం కాదు. తిప్పాల్సింది మిడ్. ఆ రోజు నేను మిడ్ అంతా తీసేసి, బాస్ ఆఖరిదాకా తిప్పి కూచున్నాను. అంటే తప్పు సగం నాదే.

ఆంప్ అంటే బయటికి ఒకటే పెట్టె, లోపల ఇద్దరుంటారు. ముందువాడు తీగనుంచొచ్చే చిన్న కరెంటుని పెంచి, దానికి రంగూ రుచీ ఇస్తాడు. వాడే ప్రీఆంప్. వెనకవాడు పవర్ ఆంప్, వచ్చినదానికి బలమిచ్చి స్పీకరుని తోస్తాడు. మనకిష్టమైన ముందువాణ్ణి వేరే డబ్బాలో తెచ్చుకోవచ్చు. టెక్ 21 వాళ్ల శాన్స్ఆంప్ ఈ రకంలో పేరున్నది. నేను ఇంకాస్త చవక డబ్బా సెకండ్ హ్యాండులో కొన్నాను. అయినా ఇంటామె వారం మాట్లాడలేదు.

కొత్తలో దాన్ని ఆంప్ ముందున్న ఇన్పుట్‌లో గుచ్చాను. కంఠం మరీ ముద్దయిపోయింది. కారణం తేలికే. నా డబ్బా చెప్పిన మాటని ఆంప్ లోపలివాడు మళ్లీ తన యాసలోకి మార్చి చెప్తున్నాడు. అట్లా గుచ్చక తప్పకపోతే ఆంప్ నాబులన్నీ మధ్యలో పెట్టి, గెయిన్ బాగా తగ్గించాలి. వెనకవైపు 'ఎఫెక్ట్స్ రిటర్న్' అనే రంధ్రం ఉంటే మాత్రం అందులోనే గుచ్చాలి. అప్పుడు లోపలి ప్రీఆంపుకి పని లేదు, నా మాట నేరుగా బలం దగ్గరికి పోతుంది. ఒక జాగ్రత్త. చాలా ఆంపుల్లో ఇట్లా గుచ్చితే ముందున్న వాల్యూమ్ పనిచెయ్యదు. డబ్బా లెవెల్ సున్నాకి దించి గుచ్చండి, లేకపోతే గుండె ఆగినంత పనవుద్ది.

పెద్ద సభల్లో ఆ డబ్బాలోంచే డిఐ తీగ మిక్సరుకి పోతుంది. మొదటిసారి ఇచ్చినప్పుడు, ఇక నా శబ్దం నాదే అని మురిశాను. కాదు. రంగు నాదే గానీ, ఎంత వినపడాలో తేల్చే ఫేడరు మిక్సరు దగ్గర కూచున్నవాడి వేలి కిందే ఉంది.

అమెరికాలో జేమ్స్ జేమర్సన్ అనే నల్లజాతి మనిషి మోటౌన్ కంపెనీ పాటలకి ఒక్క చూపుడువేలితో బాస్ మీటేవాడు. ఎక్కువగా ఆంప్ లేకుండా నేరుగా మిక్సరులోకే. 1960లలో ఆ పాటలు లోకమంతా ఆడినయ్. అట్ట మీద ఆయన పేరు పడటానికి 1971 దాకా పట్టింది. బడిలో పిల్లలకి ఈ సంగతి చెప్తే ఒకడు లేచి, "అప్పటిదాకా ఎవరనుకున్నారు సార్?" అనడిగాడు. ఎవరూ ఏమీ అనుకోలేదురా, అన్నాను.

నిరుడు ఏప్రిల్ 14కి మా పల్లెలోనే సభ. ఈసారి మైకుసెట్టు, మిక్సరు, పెద్ద స్పీకరున్న బాస్ ఆంప్ అన్నీ కుర్రాళ్లు చందాలేసి కొన్నవే. ఫేడరు దగ్గర నా పాత విద్యార్థి. డప్పులు నాలుగు కాగుతున్నయ్. నేను డబ్బాని రిటర్న్‌లో గుచ్చి, లెవెల్ మెల్లగా లేపి, లావు తీగ మీటాను. నాయనకి ఇప్పుడు సరిగ్గా వినపడదు. కర్ర పక్కన పెట్టి ఆంప్ దగ్గరికొచ్చి, పెట్టె చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. ఇంకోసారి మీటమన్నట్టు గడ్డం ఎత్తాడు. మీటాను.

"ఇంకా కాగలేదురా" అన్నాడు.

నేను వంగి మిడ్ కొంచెం తిప్పాను. చెయ్యి తియ్యలేదు. ఇంకొంచెం తిప్పాను.