నిప్పుకోడి గూడు... కలివికోడి కూత

గుడ్డు పగలగొట్టి పెంకును పెంటదిబ్బ మీద పారేస్తాం. రెండు వానలు పడేసరికి దాని ఆనవాలు కూడా ఉండదు. అలాంటి పెంకే 41 వేల ఏళ్లు మట్టిలో పడి ఉండి, మళ్లీ మనిషి చేతికి చిక్కితే?

2024లో ప్రకాశం జిల్లాలో జరిగింది అదే. వడోదరలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం పరిశోధకుల బృందం అక్కడ తవ్వుతుంటే పెంకు ముక్కలు బయటపడ్డాయి. పదులు కాదు, వందలు కాదు... దాదాపు మూడున్నర వేలు! అన్నీ నిప్పుకోడి గుడ్లవే. అదే, మనం జూలో చూసే ఆస్ట్రిచ్. తొమ్మిది అడుగుల పైచిలుకు వెడల్పున్న ఆ గూట్లో తొమ్మిది నుంచి పదకొండు గుడ్లు ఉండేవని లెక్క తేల్చారు. ఇంతవరకూ దొరికిన నిప్పుకోడి గూళ్లలో ఇదే పురాతనమైనదని ఆ బృందం ప్రకటించింది. ప్రకాశం జిల్లా అంటే మరీ దూరమేమీ కాదు. 1970లో ఆ జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు కర్నూలు నుంచి వెళ్లినవే. నల్లమలకు ఇటు ఒకరు, అటు ఒకరు... అంతే తేడా.

నిప్పుకోడి గూడంటే చెట్టుమీద పుల్లలు పేర్చి కట్టేది కాదు. మగపక్షి కాళ్లతో నేలను గీరి గుంత చేస్తుంది. అందులో ఒక్క పెట్ట కాదు, రెండు మూడు పెట్టలు గుడ్లు పెడతాయి. పగలు పెద్ద పెట్ట పొదుగుతుంది, రాత్రి పుంజు వంతు. ఒక్కో గుడ్డు కిలో పైనే ఉంటుంది. రెండు డజన్ల కోడిగుడ్లకు సమానం. ఇంటిల్లిపాదికీ ఒక్క గుడ్డు అట్టు సరిపోతుందన్నమాట!

ఈ పక్షికి దట్టమైన అడవి పనికిరాదు. పరుగెత్తడానికి విశాలమైన బయలు కావాలి, మేయడానికి గడ్డి కావాలి. నీళ్లు తక్కువైనా నెట్టుకొస్తుంది. కాబట్టి గూడు దొరికిన చోట ఆనాడు ఎలాంటి నేల ఉండేదో చెప్పడానికి ఆ పెంకులే సాక్ష్యం. మెట్టనేల, గడ్డి, అక్కడక్కడా పొదలు. రాయలసీమలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ దృశ్యాన్ని ఎవరూ బొమ్మ గీసి చూపించనక్కర్లేదు.

మన దేశంలో నిప్పుకోళ్లేమిటని ఒకప్పుడు సందేహించినవాళ్లూ ఉన్నారు. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరికిన పెంకుల నుంచి హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ తీసి, 2017లో ఫలితాలు ప్రచురించారు. పాతికవేల ఏళ్ల పైబడిన ఆ గుడ్లు ఆఫ్రికా నిప్పుకోడికి దగ్గరి బంధువులవేనని తేలింది. మహారాష్ట్రలోని పాట్నేలో అయితే ఆనాటి మనుషులు పెంకుల మీద గీతలు చెక్కారు, పూసలు చేసుకున్నారు. గుడ్డు తిన్నాక పెంకును పారెయ్యకుండా మెళ్లో వేసుకున్నారన్నమాట. సొగసు మీద మోజు ఈనాటిది కాదు.

పెంకులు ఇన్ని దొరుకుతుంటే ఎముకలు ఎందుకంత అరుదు? పక్షి ఎగరాలంటే బరువు తక్కువ ఉండాలి. అందుకే చాలా పక్షుల ఎముకలు సన్నం, లోపల బోలు. నక్క కొరికినా, వాన తడిపినా పొడైపోతాయి. నిప్పుకోడి కాళ్లు దిట్టమైనవే గానీ మిగతా పిట్టల సంగతి అంతే. పెంకు మాత్రం సున్నపు పదార్థం. సున్నం ఉన్న మట్టిలో పడితే నిలుస్తుంది.

సున్నపురాయి అంటే బేతంచెర్ల గుర్తుకు రావాలి. ఒకప్పటి కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. నేలకు పరిచే బండలకు పేరుపడ్డ ఊరు. దాని దగ్గరే బిల్లసర్గం గుహలు. 1884లో మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ ఈ గుహలను తవ్వించమంటే, భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ పని చేపట్టాడు. ఎక్కువ భాగం దగ్గరుండి తవ్వించింది ఆయన కొడుకు హెన్రీ. ఒక గుహకు ‘ఎముకల కొట్టు’ అని అర్థం వచ్చే ఇంగ్లిషు పేరు పెట్టారంటే ఎన్ని ఎముకలు దొరికాయో ఊహించుకోండి. వాటిలో ఖడ్గమృగానివీ ఉన్నాయి! లిడెక్కర్ అనే శాస్త్రవేత్త దానికి కర్నూలు పేరే పెట్టాడు.

అదే గుహల్లో ఈ కాలం పరిశోధకులు మళ్లీ తవ్వి 2014లో చెప్పిన సంగతి ఇంకా ఆశ్చర్యం. గుర్తించగలిగిన 21 రకాల క్షీరదాల్లో 20 ఇప్పటికీ ఉపఖండంలో ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాయట. రెండు లక్షల ఏళ్లలో పోయింది ఒక జాతి కోతి మాత్రమే. మధ్యలో ఎంత గండం గడిచిందో బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో తెలుస్తుంది. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద అక్కడ పొరలు పొరలుగా ఉంది. ప్రకాశం జిల్లా నిప్పుకోడి ఆ బూడిద పడ్డ చాలా కాలం తర్వాతది. అంతటి ఉత్పాతం గడిచాకా ఆ జాతి ఉంది. ఆ తర్వాత ఎప్పుడో పోయింది. కరువు కాటేసిందా, మనిషి తినేశాడా? ఇద్దరి మీదా అనుమానం ఉంది. గుడ్డు మీద మనిషి కన్ను పడితే ఆ జాతికి కోలుకోవడం కష్టమే మరి.

ఇక కడప వైపు వద్దాం. ఇక్కడి పక్షి ఇంకా శిలాజం కాలేదు... కాలేదనే అనుకోవాలి. కలివి పొదల చాటున తిరుగుతుంది కాబట్టి కలివికోడి. జానెడు కంటే కాస్త పొడవు, మెడకింద రెండు గోధుమరంగు పట్టీలు. పగలు కదలదు, రాత్రి చెదలూ పురుగులూ ఏరుకుంటుంది. 1848లో జెర్డాన్ పుణ్యమా అని లోకానికి తెలిసింది. 1900 తర్వాత కనిపించకపోయేసరికి అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల దగ్గర రెడ్డిపల్లెలో పిట్టలు పట్టే ఒకాయనకు రాత్రిపూట దొరికింది. చదువుకున్నవాళ్లు ఎనభై ఆరేళ్లు వెతికినా దొరకనిది, అడవి తెలిసిన మనిషికి దొరికింది! పాపం, ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. అయితేనేం, దానికోసం లంకమలలో అభయారణ్యం వెలిసింది. 1988లో తపాలా బిళ్ల కూడా వచ్చింది.

దాన్ని కంటితో చూడటం గగనం కాబట్టి పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టి పరిచి, తెల్లారి పాదముద్రలు వెతికేవారు. మునిమాపు వేళ నాలుగైదు నిమిషాలు వినిపించే కూతను లెక్కపెట్టుకునేవారు. బతికున్న పక్షిని శిలాజంలాగా జాడలనుబట్టి తెలుసుకోవాల్సి వచ్చింది. ఇంతలో 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకే వచ్చింది. గొడవ జరిగి పనులు ఆగి, కాలువ దారి మార్చారు. నీళ్లడిగిన రైతుదీ తప్పు కాదు, కరువు సీమ ఇది. పొదలను బీడు అనుకోవడమే తప్పు.

తర్వాత్తర్వాత ఆ కూతా ఆగిపోయింది. ఏళ్ల తరబడి జాడలేదు. ఈలోగా 2013లో స్కాట్లాండులోని అబెర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఓ గుడ్డు బయటపడింది. 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో సేకరించింది. డీఎన్ఏ పరీక్ష చేస్తే కలివికోడిదే అని తేలింది. మన నేల మీది పక్షి గుడ్డు చూడాలంటే అంతదూరం పోవాలి, అదీ పెంకే.

2025 ఆగస్టులో పక్షి ప్రేమికులు కొందరు ఆంధ్రప్రదేశ్‌లో ఓ రాత్రి చెవులు రిక్కించి కూర్చున్నారు. చీకట్లో రెండక్షరాల కూత వినిపించింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. రికార్డు చేసుకున్నారు.