వరుణుని మౌనము – ప్రయోగశాలలో గురుధర్మము

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిలో వరుణుడు తన కుమారునికి బ్రహ్మలక్షణమును మాత్రము చెప్పి, తపస్సునకు పంపెను. భృగువు అన్నమే బ్రహ్మమని తెలిసికొని వచ్చెను. పిదప ప్రాణమని, మనస్సని, విజ్ఞానమని వచ్చెను. తండ్రి ఒక్కమారైనను తప్పనలేదు, ఒప్పనలేదు; మరల తపస్సునకే పంపెను. ఆనందము తెలిసిన పిమ్మట భృగువునకు తిరిగివచ్చి అడుగవలసిన పని లేకపోయెను.

విజ్ఞానశాస్త్రమును అన్వేషణముగా బోధింపవలెనని 1960వ దశకములో షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు జోసెఫ్ ష్వాబ్ ప్రతిపాదించెను. అమెరికాలో డిగ్రీ విద్యార్థుల ప్రయోగ తరగతులను తరచుగా టీచింగ్ అసిస్టెంట్లే నడుపుదురు. వారిలో తెలుగు యువతీయువకులు ఎందరో కలరు. ప్రయోగమనగా ముందే తెలిసిన ఫలితమును రికార్డులో వ్రాయుటయని నేర్చి వెళ్ళినవారికి వరుణుని మార్గము కఠినమే.

ఒక లోలకమును చూడుడు. డోలనకాలము కోణముపై ఆధారపడదని విద్యార్థి పుస్తకములో చదివియుండును. మీటరు పొడవు గల లోలకమును 10 డిగ్రీల నుండి, 20 డిగ్రీల నుండి విడిచి, 20 డోలనముల కాలమును పదేపదే కొలిచినచో సుమారు 0.2 సెకను భేదము కానవచ్చును. అప్పుడు సహాయకుడు "అది నీ చేతి పొరపాటు" అన్నచో విద్యార్థి అంకెను దిద్దును. ప్రత్యక్షమును గ్రంథమునకు బలి యిచ్చుటను ఆనాడే అభ్యసించును. "నీకెట్లు తెలిసినది? మరల ఎట్లు పరీక్షింతువు?" అని అడిగినచో, పుస్తకసూత్రము అల్పకోణములకే వర్తించునని తానే కనుగొనును.

కావున సహాయకునికి మొదటి శిక్షణ, ఆ ప్రయోగమును తానే శిష్యుడై చేయుట. రెండవది మౌనము. ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సగటున ఒక సెకనే ఆగుచున్నారని, 3 సెకన్లు ఆగినచో సమాధానములు దీర్ఘములై హేతుయుక్తములగునని మేరీ బడ్ రో 1970వ దశకములో చూపెను. మూడవది వివేకము. నీటిలోనే ఆమ్లమును పోయవలెను, ఆమ్లములో నీటిని పోయరాదు అని ముందే చెప్పవలెను. అచ్చట మౌనము దోషము. వరుణుడును లక్షణము చెప్పకుండ కుమారుని పంపలేదు గదా.

నాలుగవది వినయము. ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుడు ఆరుగురు జిజ్ఞాసువులను ఒక సంవత్సరము నియమముతో ఉండి, ఆపై అడుగుడనెను. తనకు తెలిసినచో చెప్పెదననెను. అంతటి మహర్షియే "తెలిసినచో" అనగా, ప్రయోగశాలలో నిలిచిన యువగురువు "నాకును తెలియదు, కలిసి చూతము" అనుటకు సిగ్గుపడనేల? ఆ మాట విన్న శిష్యునికి సత్యము గురువుకంటె పెద్దదని బోధపడును.

స్వస్తి.