పెట్టలు పదకొండు, పుంజులు ఏడు

కోళ్ళను పెంచేవాడి అవసరమేమిటో గుడ్డు అడగదు. పొదిగిన వాటిలో సుమారు సగం పుంజులే అవుతాయి. మా పెరట్లో మొదట నాలుగు నాటు పెట్టలూ, ఒక పుంజూ ఉండేవి. రెండు పెట్టలను ఇరవై గుడ్లమీద కూర్చోబెడితే ఇరవై ఒకటో రోజుకు పదహారు పిల్లలు వచ్చాయి. మూడింటిని గద్దలు తన్నుకుపోయాయి. మిగిలిన పదమూడింటిలో ఆరు పుంజులని తేలడానికి రెండు నెలలు పైనే పట్టింది. ముందు తలమీది జుట్టు ఎర్రబడింది. తరువాత మెడమీద మొనదేలిన ఈకలు, ఆపైన తోకలో వంపు తిరిగిన ఈకలు.

కొత్వాల్‌గూడకు ఒకవైపు 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్, మరోవైపు 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం. విమానాల చప్పుడుకు ఎన్నడో అలవాటుపడిన మా వీధి, నాలుగు గంటలకే లేచే ఏడు గొంతులకు మాత్రం అలవాటుపడలేకపోయింది. ఆ కూతలకూ ఒక వరుస ఉంది. పెత్తనం చేసే పుంజు ముందు కూస్తుంది, తక్కినవి హోదాను బట్టి అందుకుంటాయి. జపాన్ పరిశోధకులు 2015లో ఈ సంగతి ప్రకటించారు.

కూతలు సరే, భరించవచ్చు. ఐదో నెల దాటాక పెట్టల వీపులు చూడలేకపోయాము. ఈకలు ఊడి ఎర్రటి చర్మం బయటపడింది. నల్లపెట్ట ఒకటి పగలంతా జామచెట్టు మీదే ఉండిపోయేది, గింజలు చల్లినా దిగేది కాదు. ప్రక్కింటి అవ్వ గోడమీదుగా చూసి, "పది పెట్టలకు ఒక్క పుంజు సాలు బిడ్డా. తక్కినయి గింజలు తినేటందుకు, పెట్టల పానం తీసేటందుకు" అన్నది. గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజు అవసరమే లేదు. పిల్లలు కావాలంటేనే కావాలి.

మన సాహిత్యం పుంజును బాగానే పట్టించుకుంది. కుక్కుటశాస్త్రం ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని పేర్లు పెట్టి గెలుపోటములు నిర్ణయిస్తుంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధకథలో కోడిపందెం ఉంది. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లోనూ ఉంది. జామచెట్టెక్కిన పెట్ట గురించి మాత్రం ఎవరూ వ్రాసినట్టు లేదు. సంక్రాంతికి ముందు ఒకాయన బండిమీద వచ్చి మా డేగకు మంచి ధర చెప్పాడు. ఎందుకో తెలుసు కనుక ఇవ్వలేదు.

గుడ్లకోసం కోళ్ళను పెంచే పెద్ద పరిశ్రమలో ఈ చిక్కు మొదటిరోజే తీరిపోతుంది: పుంజుపిల్లలను పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022లో దీన్ని నిషేధించింది. మాకు దగ్గరలోని రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థవారి వనరాజా రకంలో పెట్ట గుడ్లకు, పుంజు మాంసానికి పనికివస్తుంది. పెరటిలో పుంజుకు దక్కేది ఆ ఐదారు నెలల ఎండా, మట్టీ. అది తక్కువేమీ కాదు. కానీ ఆ ఐదారు నెలల్లో దానికొక నడకా, గొంతూ, మా ఇంట్లో ఒక పేరూ ఏర్పడిపోతాయి. చంపే నిర్ణయం వాయిదా పడేకొద్దీ బరువెక్కుతుంది.

ఏది మంచి పుంజో అవ్వే చెప్పింది. అందమైనది కాదు, గట్టిగా కూసేది కాదు. పురుగు దొరికితే తాను మింగకుండా "కొక్కొక్కొ" అంటూ పెట్టలను పిలిచేది. మూడు ఉదయాలు గమనించాము. ఆరు పిల్లపుంజుల్లో అలా పిలిచింది ఒక్కటే, మెడమీద తెల్ల మచ్చలున్నది. అయితే దాన్ని మేము ఉంచుకోలేదు. తల్లులతో, అక్కచెల్లెళ్ళతో కలిస్తే సంతతి బలహీనపడుతుంది కనుక అవ్వవాళ్ళ పుంజును తెచ్చుకుని దీన్ని వాళ్ళకిచ్చాము. తక్కిన ఆరింటిలో నాలుగు అంగడికి వెళ్ళాయి. రెండు, ముసలి పుంజుతో సహా, మా ఇంట్లోనే కూరయ్యాయి. అమ్మినవాటి గతి వేరనుకోవడం నాకు చేతకాలేదు.

వారం తిరగకుండానే నల్లపెట్ట చెట్టు దిగింది. ఈకలు పూర్తిగా ఊడినచోట కొత్తవి మొలుస్తున్నాయి. విరిగినచోట మాత్రం ఏటా ఈకలు రాల్చే కాలం దాకా ఆగవలసిందే. ఇప్పుడు మరో పెట్ట గంపలో పొదుగుతున్నది. ఈసారి తొమ్మిది గుడ్లే పెట్టాము. అందులో నాలుగో ఐదో పుంజులవుతాయని తెలిసే పెట్టాము.