ఆకాశమార్గమున కాశీయాత్ర

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమే యని మన పెద్దలు చెప్పుచుండెడివారు. ఆ కాలపు ప్రయాణము లట్టివి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురము, జబల్పూరుల మీదుగా కాశి చేరి, గయయు పూరియు సేవించుకొని, 1831 సెప్టెంబరునకు గాని యిల్లు చేరలేదు. వారి కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. నేడు హైదరాబాదునుండి కాశికి విమానమున ఇంచుమించు రెండు గంటల ప్రయాణము. అడవుల భయమును, దొంగల భయమును తొలగినవి. కాని సోదరీమణులారా, వాని స్థానమున మఱియొక భయము మన యిండ్లలో చేరినది. "నేల విడిచి యెట్లు పోదుము? ఏదేని జరిగిన పట్టుకొనుటకు కొమ్మయైన లేదే!" యని యనేకులు వెనుదీయుచున్నారు. ఆ భయమును గూర్చియే నాలుగు మాటలు వ్రాయ దలచితిని.

మా మామగారు స్వర్గస్థులై సంవత్సరము నిండినది. కాశిలో వారికి పితృకార్యము జరిపింపవలెనని మా అత్తగారి కోరిక. ఆమెకు మోకాళ్ల నొప్పులు మెండు; ఒక పగలును ఒక రాత్రియు రైలున కూర్చుండలేరు. కావున 2025 దసరా సెలవులలో విమానమున పోవుటకు నిశ్చయించితిమి. ఆ జూన్ 12వ తేదీననే అహమ్మదాబాదులో విమానము కూలి, అందున్న 242 మందిలో నొక్కడు మాత్రమే బ్రతికి బయటపడెను, నేలమీదివారును మరణించిరి. ఆ చిత్రములు అందఱి కన్నులయందును నిలిచియుండగా బంధువులు "ఇప్పుడా ప్రయాణము?" అని గద్దించిరి. నాకును గుండె దడదడలాడినది. మా అత్తగారు మాత్రము "నాకు డెబ్బది రెండేండ్లు, అమ్మాయీ! భయము తీఱిన పిమ్మట పోవుదమన్న నాకు కాశి దక్కునా?" అనిరి. ఆ మాటకు మాఱుపలుకలేకపోతిమి.

శంషాబాదు విమానాశ్రయమున విమానమెక్కితిమి. మావారు పాఠశాలలో ప్రకృతిశాస్త్రము బోధించువారగుటచే, ఏ చప్పుడు దేనిదో ముందుగనే మాకు చెప్పియుంచిరి. ఆ యుపకారము గొప్పది. నేల విడిచిన కొలది క్షణములకు కాళ్లక్రింద గడగడమని ధ్వని పుట్టును. అది చక్రములు విమానపు కడుపులోనికి ముడుచుకొను చప్పుడు. మఱికొంత సేపటికి ఇంజనుల హోరు తగ్గును. ఆగిపోయినవేమో యని ప్రాణము జల్లుమనును. కాని పైకి లేచుటకు వలసినంత బలము పిమ్మట నక్కఱలేకుండుటచే చోదకులే దానిని తగ్గింతురు. రెక్కల కొనలు ఊగుచుండును. విఱుగకుండుటకే వానిని వెదురువలె వంగునట్లు నిర్మింతురు. విమానమునకు ఎదురుకాగల యత్యధిక భారమునకు ఒకటిన్నర రెట్లు మోపి పరీక్షించిన రెక్కలవి. ఒక ఇంజను చెడినను రెండవదానితో నెగిరి దిగగలదు. ఇక కుదుపులన్ననో, గాలి సుడులవలన కలుగునవి. గతుకుల బాటలో బండి కుదుపువంటివి. వానివలన దెబ్బలు తగులునది చాలవఱకు బెల్టు పెట్టుకొననివారికే.

ప్రాణవాయువు తగ్గినచో పైనుండి మాస్కులు వ్రేలాడుననియు, ముందు తాము తగిలించుకొని పిమ్మట బిడ్డలకు తగిలింపవలెననియు పరిచారిక చెప్పినది. ఎల్లరకును వడ్డించి కడపట భుజించు మనకు ఈ మాట వింతగా దోచును. కాని అంత యెత్తున తల్లి ముందు స్పృహ తప్పినచో బిడ్డకు దిక్కెవ్వరు? "ఇది యింటికిని పనికివచ్చు మాటయే" యని మా అత్తగారు మెల్లగా ననిరి. ఈ పరిచారికల వృత్తియే ప్రయాణికుల భయమునుండి పుట్టినది. 1930 మే 15న అమెరికాలో ఎలెన్ చర్చ్ అను నర్సు తొలి పరిచారికగా విమానమెక్కెను. నర్సు తోడున్న ప్రయాణికులకు ధైర్యము కలుగునని యామెయే వాదించి యా కొలువు సంపాదించెను.

రఘువంశమున పదమూడవ సర్గమందు శ్రీరాముడు పుష్పకమునుండి సీతాదేవికి సముద్రమును, సేతువును, తాము వసించిన తావులను చూపుచు వచ్చును. బాల్యమున మా నాయనగారియొద్ద చదివిన యా సర్గము కిటికీ ప్రక్క నాకు స్ఫురించినది. మేఘములను పైనుండి చూచిన చూపు కాళిదాసున కెట్లు కలిగెనో! క్రింద గోదావరి తడివాకిట వేసిన ముగ్గుగీతవలె నుండెను. మా అత్తగారు చేతులు జోడించిరి. వీరాస్వామయ్యగారు నెలల తరబడి ప్రయాణించిన దిక్కుననే మేము పోవుచుంటిమి.

మేము చూచుచున్న యా కిటికీ మూలలు గుండ్రనివి. దానికొక చరిత్ర కలదు. 1954 జనవరియందును, ఏప్రిల్‌నందును కామెట్ అను ఆంగ్లేయుల జెట్ విమానములు రెండు మధ్యధరాసముద్రముపై గాలిలోనే పగిలి కూలెను. శాస్త్రజ్ఞులు సముద్రమునుండి శకలములను వెలికిదీసిరి. మఱియొక కామెట్‌ను పెద్ద నీటితొట్టిలో నుంచి మాటిమాటికి నీటి యొత్తిడి పెట్టి పరీక్షించిరి. కిటికీలవంటి తెఱపుల మూలలయొద్ద లోహము అలసి బీటవాఱుట బయలుపడినది. మన దేశమున 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీయొద్ద రెండు విమానములు ఆకసమున ఢీకొని 349 మంది మరణించిరి. పిమ్మట, ఎదుటి విమానము సమీపించిన నెచ్చరించు యంత్రమును విమానములలో నుంచుట ఇచ్చట విధిగా చేసిరి. ఇట్లు ఒక్కొక్క దుర్ఘటన యొక్కొక్క నియమమైనది. మనము నిశ్చింతగా కూర్చుండు నాసనము, మన మెఱుగని యెందఱి మరణములో నేర్పిన పాఠములమీద నిలిచియున్నది.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతికవిద్యాలయమువారి గణనము ప్రకారము, లోకమంతటను 1968-77 నడుమ మూడున్నర లక్షల మంది విమానమెక్కిన నొకరు మరణించుచుండిరి. 2018-22 నడుమ 1 కోటి 37 లక్షల మందికి నొకరు. మన దేశపు రహదారులమీదనో, 2022 నొక్క సంవత్సరముననే 1,68,491 మంది మరణించిరి. అయినను కారెక్కుటకు మనము జంకము. పగ్గము మనవారి చేతిలో నున్నదని ధైర్యము. ప్రమాదము లేనే లేదనుట సత్యము గాదు. ఉన్న ప్రమాదమెంతయో తెలిసికొనినచో భయము తన కొలతలో తాను నిలుచును.

మొదటిసారి పోవు సోదరీమణులు రెక్కల దాపున చోటు కోరుకొనవలెను. అచ్చట కుదుపు కొంత తక్కువ. కూర్చున్నంతసేపును బెల్టు విప్పరాదు. దిగునపుడు పసిబిడ్డలకు పాలో నీరో త్రాగించినచో చెవులు దిబ్బడవేయవు. పరిచారిక చెప్పు సూచనలను శ్రద్ధతో వినవలెను. ఆపద వచ్చి దిగుమన్నపుడు పెట్టెలకై వెదుకక కట్టుబట్టలతో దిగవలెను.

బాబత్‌పూర్‌నందు దిగి ఊరు చేరితిమి. మఱునాడు మా అత్తగారు మణికర్ణికయందు స్నానమాడి, మామగారికి కార్యము తీర్చుకొనిరి. తిరుగుప్రయాణమున కిటికీ ప్రక్క చోటు తామే యడిగి కూర్చుండిరి.